విశ్వవిద్యాలయాలకు కాంట్రాక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్: ప్రకటన నుంచి ఒప్పందం దాకా

కాంట్రాక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ అంటే ఒక సంస్థ కుదుర్చుకునే ఒప్పందాలను ముసాయిదా దశ నుంచి గడువు తీరేదాకా ఒకేచోట నడిపించే కంప్యూటర్ వ్యవస్థ. ముసాయిదా ఎవరు రాశారు, న్యాయ విభాగం ఏ షరతు కొట్టేసింది, ఎవరు సంతకం పెట్టారు, ఎన్నాళ్లు అమల్లో ఉంటుంది, ఎప్పుడు పొడిగించాలి అన్న వివరాలన్నీ అందులో నమోదవుతాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని పొట్టిగా సీఎల్‌ఎం అంటారు. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచే విశ్వవిద్యాలయాలు ఇలాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా నచ్చిన కంపెనీ దగ్గరికి వెళ్లి కొనలేవు. అమ్మకందారుల నుంచి ప్రతిపాదనలు కోరుతూ బహిరంగ ప్రకటన ఇవ్వాలి. దాన్ని ఆర్‌ఎఫ్‌పీ అంటారు. ఇది మన టెండరు లాంటిదే గాని, అందరికంటే తక్కువ ధర చెప్పినవారికే పని ఇచ్చి తీరాలన్న నియమం దీనికి లేదు.

ఈ కొనుగోలులో అసలు కష్టం కంపెనీని ఎంచుకోవడానికి చాలా ముందే మొదలవుతుంది. తన ఒప్పందాలు ఎన్ని, అవి ఎక్కడున్నాయి, వాటిపై సంతకం చేసే అధికారం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన విశ్వవిద్యాలయానికి ఓ మోస్తరు సాఫ్ట్‌వేర్ కూడా పనికొస్తుంది. ఆ జవాబులు తెలియకపోతే ఎంత ఖరీదైనది కొన్నా అక్కరకు రాదు.

ఒప్పందాల రకాలు

మామూలు కంపెనీ ఒప్పందాలు ఎక్కువగా కొనడం, అమ్మడం చుట్టూ తిరుగుతాయి. విశ్వవిద్యాలయం సంగతి వేరు. పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖలతో, కంపెనీలతో ఒక రకం ఒప్పందాలుంటాయి. ఆ పరిశోధనలో కొంత భాగం మరో విశ్వవిద్యాలయానికి అప్పగిస్తే దానికో ఉప ఒప్పందం కావాలి. ఒక ప్రయోగశాల నుంచి ఇంకో ప్రయోగశాలకు కణాలు, ఎలుకలు, రసాయనాలు పంపడానికీ ఒప్పందం ఉండాల్సిందే. మందుల ప్రయోగాలు, నర్సింగ్ విద్యార్థులను ఆసుపత్రులకు శిక్షణకు పంపడం, విదేశీ విశ్వవిద్యాలయాలతో విద్యార్థుల మార్పిడి, లైబ్రరీలో పత్రికల చందాలు, క్యాంటీన్, హాస్టల్ నిర్మాణం, ఫుట్‌బాల్ కోచ్ జీతం, స్నాతకోత్సవానికి అద్దెకు తీసుకునే కుర్చీలు, అన్నీ కాంట్రాక్టులే.

వీటిని చూసే కార్యాలయాలు కూడా వేర్వేరు. పరిశోధన ఒప్పందాలకు ఒక విభాగం, కొనుగోళ్లకు మరొకటి, భవనాలకు ఇంకొకటి ఉంటాయి. పేటెంట్ల లైసెన్సులు చూసేది టెక్నాలజీ బదిలీ కార్యాలయం. ఒక్కో చోట ఒక్కో పద్ధతి నడుస్తుంటుంది. ఒకరు షేర్డ్ డ్రైవ్‌లో ఫోల్డర్లు పెట్టుకుంటే, ఇంకొకరు ఎక్సెల్ షీటుతో సరిపెట్టుకుంటారు. మరొకరి ఒప్పందాలు ఇనుప బీరువాలో ఉంటాయి. ఒకే కంపెనీతో మూడు విభాగాలు మూడు రకాల షరతులతో ఒప్పందం చేసుకుని, ఆ సంగతి ఒకరిది ఇంకొకరికి తెలియకుండా ఏళ్లు గడిచిపోవచ్చు.

కొన్ని రకాల్లో ఉమ్మడి నమూనాలు ఏనాడో స్థిరపడ్డాయి. జీవ పదార్థాల మార్పిడికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1995లో తెచ్చిన యూబీఎంటీఏ నమూనా అలాంటిదే. దానిపై ముందే సంతకం చేసిన సంస్థలు ప్రతిసారీ షరతుల మీద బేరం మొదలుపెట్టకుండా ఒక చిన్న ఉత్తరంతో పని ముగించుకుంటాయి. పరిశోధన ఉప ఒప్పందాలకు ఫెడరల్ డెమాన్‌స్ట్రేషన్ పార్టనర్‌షిప్ నమూనా ఇలాగే వాడుకలో ఉంది. ఈ నమూనాలను తనలో పెట్టుకుని, వాటిలో ఒక్క మాట మారినా ఎత్తి చూపగలగడం సాఫ్ట్‌వేర్ నుంచి విశ్వవిద్యాలయం ఆశించే మొదటి మేలు.

సంతకం ఎవరిది

అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఒప్పందం చేసుకునే అధికారం చట్టప్రకారం పాలక మండలిది. మండలి నుంచి అది అధ్యక్షుడికి, ఆయన నుంచి రాతపూర్వకంగా కొద్దిమంది అధికారులకు దిగుతుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఈ అధికార బదలాయింపునకు రీజెంట్ల, అంటే అక్కడి పాలక మండలి, నిబంధన 10501 ఆధారం. సాధారణంగా ప్రొఫెసరుకు గాని, శాఖాధిపతికి గాని ఈ అధికారం ఉండదు. అయినా వాళ్లు సంతకాలు పెడుతూనే ఉంటారు. ప్రయోగశాలలో సహాయకుడు ఒక సాఫ్ట్‌వేర్ దించుకుంటూ ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెడతాడు. ఆ గడి వెనకున్న పది పేజీల షరతుల్లో నష్టపూచీ ఉంటుంది, వేరే రాష్ట్రం కోర్టుల పరిధి ఉంటుంది, మధ్యవర్తిత్వం ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంస్థలు ఇలాంటి షరతులకు ఒప్పుకోవడానికే వీల్లేదు. రాష్ట్ర ఖజానా మీద హద్దులేని భారం వేసే అధికారం ఆ సంస్థలకు లేదని అక్కడి చట్టాలు చెబుతాయి. విశ్వవిద్యాలయ న్యాయవాదులు రోజూ చేసే పనిలో పెద్ద భాగం ఈ షరతులను కొట్టేయడమే.

ఎవరి సంతకం దేనికి దారి తీస్తుందో చూపడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి, రోష్ కంపెనీకి మధ్య నడిచిన కేసును మించిన ఉదాహరణ లేదు. 1988లో స్టాన్‌ఫర్డ్‌లో చేరిన ఒక యువ పరిశోధకుడు తన ఆవిష్కరణల హక్కులను విశ్వవిద్యాలయానికి బదలాయిస్తానని ఒప్పుకుంటూ సంతకం చేశాడు. తర్వాత పీసీఆర్ పద్ధతి నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లాడు. అక్కడికి వచ్చేవారందరిలాగే అతనూ గోప్యతా పత్రం మీద సంతకం పెట్టాడు. అక్కడ రూపొందే వాటి హక్కులను ఇప్పుడే కంపెనీకి బదలాయిస్తున్నట్టు ఆ పత్రంలో ఉంది. రక్తంలో హెచ్‌ఐవీ పరిమాణాన్ని కొలిచే పద్ధతి ఆ పరిశోధన నుంచి పుట్టింది. 1991లో సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని రోష్ కొనుక్కుంది. స్టాన్‌ఫర్డ్ పేటెంట్లు సంపాదించి, 2005లో రోష్ మీద దావా వేసింది. విశ్వవిద్యాలయం తీసుకున్నది ముందుముందు ఇస్తానన్న మాట, కంపెనీ తీసుకున్నది అప్పటికప్పుడే ఇచ్చిన హక్కు కాబట్టి కంపెనీదే పైచేయి అని అప్పీలు కోర్టు తేల్చింది. ఫెడరల్ నిధులతో జరిగిన పరిశోధన గనక 1980 నాటి బే-డోల్ చట్టం కింద హక్కు తనదేనన్న స్టాన్‌ఫర్డ్ వాదనను 2011 జూన్ 6న సుప్రీంకోర్టు 7–2 తేడాతో తోసిపుచ్చింది. ఆ తర్వాత అనేక విశ్వవిద్యాలయాలు తమ ఉద్యోగ ఒప్పందాల భాషను సరిదిద్దుకున్నాయి. పరిశోధకులు బయట సంతకం పెట్టే పత్రాలు కూడా ఒక కార్యాలయం కంట పడాలన్న పట్టుదల పెరగడానికి ఇలాంటి కేసులే కారణం.

కొనాలన్న ఒత్తిడి ఎక్కడిది

ఒత్తిడి ఒకవైపు చట్టాల నుంచి వస్తుంది. ఉన్నత విద్యా చట్టంలోని 117వ సెక్షన్ ప్రకారం ఒక విదేశీ మూలం నుంచి ఏడాదిలో 2,50,000 డాలర్లు, అంతకు పైబడి వచ్చే విరాళాలు, ఒప్పందాల వివరాలను ఏటా జనవరి 31, జులై 31 తేదీల్లోగా కేంద్ర విద్యాశాఖకు తెలపాలి. 2019లో ఆ శాఖ కొన్ని పేరున్న విశ్వవిద్యాలయాల మీద దర్యాప్తులు మొదలుపెట్టాక ఈ సెక్షన్‌ను అందరూ పట్టించుకోవడం మొదలైంది. ఒప్పందాలు ఇరవై చోట్ల చెల్లాచెదురుగా ఉంటే ఆ లెక్క తేలదు. ఫెడరల్ గ్రాంట్లకు వర్తించే ఏకరూప మార్గదర్శకాలు 2014 డిసెంబర్ 26 నుంచి అమల్లో ఉన్నాయి. ఏ పద్ధతిలో కొన్నారు, ఈ సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు, ధర ఎలా నిర్ణయించారు అన్నదానికి రికార్డు ఉండాలని అవి కోరతాయి.

రెండోవైపు ఉన్నది డబ్బు. అమెరికాలో చాలా రాష్ట్రాల ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. ఒక డేటాబేస్ చందా ఆ రోజుతో ముగుస్తుందనుకుందాం. వద్దనుకుంటే 90 రోజుల ముందు నోటీసివ్వాలని, లేదంటే మరో ఏడాది దానంతటదే కొనసాగుతుందని షరతు ఉంటుంది. అంటే నోటీసు ఏప్రిల్ 1 నాటికి చేరాలి. ఆ చందా తెప్పించిన లైబ్రేరియన్ రిటైరై, ఒప్పందం ఆమె ఈమెయిల్‌లోనే ఉండిపోతే, ఏప్రిల్ 2న ఎవరూ తెరవని డేటాబేస్‌కు మరో ఏడాది డబ్బు కట్టడం ఖాయమవుతుంది. గడువుకు ముందే సంబంధిత కుర్చీలో ఎవరుంటే వాళ్లకు హెచ్చరిక పంపడం సాఫ్ట్‌వేర్‌కు చాలా తేలికైన పని. పెట్టుబడి త్వరగా తిరిగొచ్చేది కూడా అక్కడే.

ప్రకటన, పోటీ

కొన్ని విశ్వవిద్యాలయాలు ఆర్‌ఎఫ్‌పీకి ముందు మార్కెట్లో ఏమున్నదో తెలుసుకోవడానికి ఆర్‌ఎఫ్‌ఐ ఇస్తాయి. అది సమాచారం కోరే ప్రకటన మాత్రమే, దానికి జవాబిచ్చినంత మాత్రాన ఎవరికీ కాంట్రాక్టు రాదు. ఆ తర్వాత వచ్చే ఆర్‌ఎఫ్‌పీలో పని పరిధి, తప్పనిసరి అవసరాలు, ఉంటే మంచిదనిపించే అవసరాలు, మార్కుల పద్ధతి, విశ్వవిద్యాలయం సొంత షరతులు, గడువు తేదీ ఉంటాయి. ప్రకటన వెలువడ్డాక అమ్మకందారులు ఆ ఆర్‌ఎఫ్‌పీలో పేర్కొన్న కొనుగోలు అధికారితో తప్ప క్యాంపస్‌లో ఇంకెవరితోనూ దాని గురించి మాట్లాడకూడదు. ప్రశ్నలు రాతపూర్వకంగా పంపాలి. జవాబులు అనుబంధ ప్రకటనగా అందరికీ ఒకేసారి చేరతాయి. ఒక కంపెనీకి తెలిసినది ఇంకో కంపెనీకి తెలియకుండా పోకూడదన్న ఈ పట్టింపు ప్రజాధనంతో నడిచే సంస్థకు ప్రాణం లాంటిది.

గడువు ముగిసిన నిమిషానికి ప్రతిపాదనలు స్వీకరించే పోర్టల్ మూతపడుతుంది. న్యాయ, పరిశోధన, కొనుగోళ్లు, ఐటీ విభాగాల నుంచి వచ్చిన సభ్యులు ఎవరికి వారు మార్కులు వేసి, తర్వాత కూర్చుని చర్చిస్తారు. ధర సాధారణంగా విడిగా ఉంటుంది. దానికి మార్కులిచ్చే వాడుక సూత్రం సులువైనదే: అతి తక్కువ ధరను ఈ కంపెనీ ధరతో భాగించి, ధరకు కేటాయించిన మార్కులతో హెచ్చిస్తారు. ఉదాహరణకు ధరకు 25 మార్కులు పెట్టారనుకుంటే, 2 లక్షల డాలర్లు అడిగిన కంపెనీకి 25, రెండున్నర లక్షలు అడిగిన దానికి 20 వస్తాయి. 50,000 డాలర్ల తేడా ఇక్కడ 5 మార్కులే. పనితనంలో మెరుగైన కంపెనీ ఆ ఐదింటినీ డెమోలో సంపాదించుకోగలదు.

చివరి వరకు నిలిచిన రెండు మూడు కంపెనీలను డెమోకు పిలుస్తారు, పాత ఖాతాదారులతో మాట్లాడతారు, అవసరమైతే తుది ధర అడుగుతారు. ఎంపిక ప్రకటించాక ఓడిన కంపెనీ అభ్యంతరం తెలపడానికి కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఇదంతా లేకుండా సహకార కాంట్రాక్టు అనే దగ్గరి దారి కూడా ఉంది. 1934లో మొదలైన ఈ అండ్ ఐ కోఆపరేటివ్ సర్వీసెస్ లాంటి సంస్థలు ముందే పోటీ పెట్టి కుదుర్చుకున్న ధరలకు సభ్య విశ్వవిద్యాలయాలు నేరుగా కొనుక్కోవచ్చు. నెలల తరబడి పని తగ్గుతుంది. కాకపోతే ఆ పోటీ ఇంకొకరి అవసరాల మీద జరిగినదని గుర్తుంచుకోవాలి.

భద్రత, అందుబాటు

విశ్వవిద్యాలయ ఒప్పందాల్లో విద్యార్థుల వివరాలు, రోగుల సమాచారం, బయటపడని పరిశోధన ఉంటాయి. విద్యార్థి రికార్డులకు 1974 నాటి ఫెర్పా చట్టం, రోగుల సమాచారానికి 1996 నాటి హిపా చట్టం వర్తిస్తాయి. ప్రతి విశ్వవిద్యాలయమూ సొంత ప్రశ్నావళి పంపుతుంటే అమ్మకందారులు విసిగిపోయేవారు. ఉన్నత విద్యా రంగానికి చెందిన ఎడ్యుకాజ్, ఇంటర్‌నెట్2, రెన్-ఐజాక్ సంస్థలు కలిసి 2016లో హెక్‌వాట్ అనే ఉమ్మడి భద్రతా ప్రశ్నావళిని తెచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. క్యాంపస్ పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లగలగడం, చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో వాడుకోగలగడం కూడా తప్పనిసరి అవసరాల్లో చేరాయి. ప్రభుత్వ సంస్థల వెబ్, మొబైల్ సేవలు డబ్ల్యూసీఏజీ 2.1 ఏఏ అనే అందుబాటు ప్రమాణానికి సరిపోవాలని అమెరికా న్యాయశాఖ 2024 ఏప్రిల్‌లో నియమం చేసింది. ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుందా అన్న అనుమానం మాత్రం 2000లో వచ్చిన ఈ-సైన్ చట్టంతోనే తీరిపోయింది.

అమ్మే సంస్థలు

ఈ మార్కెట్లో విశ్వవిద్యాలయాలకు బాగా పరిచయమైన పేరు జాగర్. 1995లో నార్త్ కరోలినాలో సైక్వెస్ట్‌గా పుట్టిన ఈ కంపెనీ 2012లో కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కెనడా కంపెనీ అప్‌సైడ్ సాఫ్ట్‌వేర్‌ను కొంది, 2017లో పేరు మార్చుకుంది. డాక్యుసైన్ 2018లో స్ప్రింగ్‌సీఎంను, 2020లో సీల్ సాఫ్ట్‌వేర్‌ను కొంది. కొంగా, ఆప్టస్ 2020లో కలిసిపోయాయి. చాలా విశ్వవిద్యాలయాలు జీతాలకు, ఖాతాలకు వాడే వర్క్‌డే 2024లో ఎవిసార్ట్‌ను కొనుక్కుంది. 2009లో పుట్టిన ఐసర్టిస్‌కు ప్రధాన కార్యాలయం వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో ఉన్నా, పని పుణేతోనూ ముడిపడి ఉంది. అజిలాఫ్ట్, ఐరన్‌క్లాడ్, సిరియన్ కూడా ఈ పోటీలో కనిపిస్తాయి.

ఇన్ని కొనుగోళ్లు జరిగే రంగంలో ఐదేళ్లకు ఒప్పందం చేసుకునే విశ్వవిద్యాలయం తనకు అమ్మిన కంపెనీ మధ్యలో చేతులు మారవచ్చని ముందే లెక్కలోకి తీసుకోవాలి. బదలాయింపునకు తన అనుమతి ఉండాలన్న షరతు, వైదొలగేటప్పుడు ఒప్పందాలన్నీ వాటి వివరాల పట్టికతో సహా చదవగలిగే రూపంలో ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలన్న షరతు, ఈ రెండూ లేకుండా సంతకం చేయడం తగదు. పీడీఎఫ్‌లు మాత్రమే తిరిగొచ్చి పట్టిక రాకపోతే ఐదేళ్ల నమోదు పని మళ్లీ మొదటికొస్తుంది.

డెమో దగ్గర జాగ్రత్త

విశ్వవిద్యాలయ సాఫ్ట్‌వేర్ కొనుగోలు కోర్టుకెక్కిన ఉదంతాల్లో న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ విశ్వవిద్యాలయం కేసు ఎక్కువగా చర్చకు వచ్చింది. అది కాంట్రాక్టు నిర్వహణకు సంబంధించినది కాదు, మొత్తం పరిపాలనా వ్యవస్థకు సంబంధించినది. 2009లో ఒరాకిల్‌తో సుమారు 1.57 కోట్ల డాలర్లకు కుదిరిన ఒప్పందం చెడి, 2011లో విశ్వవిద్యాలయం దావా వేసింది. తాము వేల సంఖ్యలో రాసిచ్చిన అవసరాలను కంపెనీ తయారు సరుకు దాదాపుగా తీరుస్తుందని నమ్మించారన్నది దావాలోని ఆరోపణ. ఒరాకిల్ దాన్ని ఖండించి ఎదురు దావా వేసింది. 2013లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి గనక ఎవరిది తప్పో కోర్టు తేల్చలేదు.

ఆ కేసు నుంచి కొనుగోలు అధికారులు నేర్చుకున్నది స్పష్టమే. ‘ఈ సౌకర్యం ఉందా’ అని అడిగితే ప్రతి గడిలోనూ ‘ఉంది’ అనే వస్తుంది. ఇప్పుడే ఉందా, అమరికతో వస్తుందా, ప్రత్యేకంగా కోడ్ రాయాలా, వచ్చే ఏడాది తెస్తారా అని నాలుగు రకాలుగా విడదీసి అడగాలి. డెమోలో కంపెనీ తెచ్చిన నమూనా పత్రాలు కాకుండా విశ్వవిద్యాలయం సొంత పత్రాలే ఇవ్వాలి. ఎర్ర గీతలతో నాలుగుసార్లు చేతులు మారిన ఆసుపత్రి శిక్షణ ఒప్పందాన్ని ఇచ్చి, ఆఖరి ప్రతి ఏదో చూపమనాలి. స్కాన్ చేసినప్పుడు వంకరపోయి, పక్కన చేత్తో రాసిన సవరణ ఉన్న పాత అద్దె కాగితాన్ని ఇచ్చి, అందులోంచి గడువు తేదీ తీయమనాలి. అమ్మకపు ప్రసంగం ఎంత బాగున్నా ఆ అద్దె కాగితం దగ్గర అసలు సంగతి బయటపడుతుంది.

కృత్రిమ మేధ షరతులను చదివి పెడుతుందన్న హామీకి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. 2021లో వెలువడిన కువాడ్ అనే దత్తాంశంలో 510 వ్యాపార ఒప్పందాలను న్యాయ నిపుణులు 41 రకాల షరతులుగా గుర్తులు పెట్టి ఇచ్చారు. అది పరిశోధకులకు పెద్ద మేలు చేసింది. అయితే అవి కంపెనీల మధ్య జరిగిన ఒప్పందాలు. ఎలుకల మార్పిడి పత్రంలో, నర్సింగ్ శిక్షణ పత్రంలో వెతకాల్సినవి వేరు.

ధర, పాత కాగితాలు

ఏటా కట్టే చందా ఒక్కటే ఖర్చు కాదు. అమర్చడానికి, ఖాతాల వ్యవస్థతో కలపడానికి, శిక్షణకు, పాత ఒప్పందాలు ఎక్కించడానికి విడిగా కట్టాలి. వాడేవారి లెక్కన ధర పెడితే విభాగాలు ఒకే లాగిన్‌ను పంచుకోవడం మొదలుపెడతాయి, దాంతో ఎవరు ఏం చేశారన్న రికార్డే చెడుతుంది. అందుకే చూసేవారికి ఉచితంగా, మార్చేవారికి మాత్రమే లెక్కగట్టే ధర విశ్వవిద్యాలయాలకు నప్పుతుంది. పాత కాగితాల్లో అమల్లో ఉన్నవాటినే ఎక్కించి, మిగతావాటిని నిల్వ గడువు ప్రకారం విడిగా ఉంచడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. ఎదుటి పక్షం పేరు, మొదలు, ముగింపు, విలువ, నోటీసు గడువు, బాధ్యత వహించే విభాగం, ఈ ఆరు గడులు సరిగ్గా నిండితే మొదటి ఏడాదికి చాలు. అరవై గడులు పెట్టి సగం ఖాళీగా వదిలిన చోట సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ నమ్మరు.

భారతదేశంలో

ఇక్కడి విశ్వవిద్యాలయాల కొనుగోళ్లలో టెండరు సంస్కృతి గట్టిగానే పాతుకుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్ర సంస్థలు 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం నడుచుకుంటాయి. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లో దొరికే సరుకులు, సేవలు అక్కడే కొనాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను మొదలుపెట్టి దేశంలో ముందు వరుసలో నిలిచింది. ధరావతు, రెండు కవర్లు, ఎల్1 (అతి తక్కువ ధర చెప్పినవారు) అన్న మాటలు మన రిజిస్ట్రార్ కార్యాలయాల్లో అందరికీ తెలిసినవే. నాణ్యతకూ మార్కులిచ్చే పద్ధతిని కన్సల్టెన్సీ కాని సేవలకు కూడా కొన్ని నిబంధనలతో విస్తరిస్తూ 2021 అక్టోబర్‌లో కేంద్ర వ్యయ విభాగం సూచనలిచ్చింది. నాణ్యత వాటా 30 శాతానికి మించకూడదని పరిమితి పెట్టింది. అంటే ధర బరువు కనీసం 70. పనితనంలో తేడాలు ఎక్కువగా ఉండే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు ఆ నిష్పత్తి ఇరుకే.

మన దగ్గర ఒప్పందాల జాబితా అవసరం ముందుగా కనిపించేది ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ గుర్తింపు సమయంలో. ఇతర సంస్థలతో ఉన్న అవగాహన ఒప్పందాల్లో (ఎంఓయూల్లో) ఎన్ని నిజంగా నడుస్తున్నాయో, వాటి కింద ఏం జరిగిందో నాక్‌కు ఆధారాలతో చూపాలి. శాఖలవారీగా ఫైళ్లు వెతికే పని అప్పుడే మొదలైతే, గడువు తీరిన ఎంఓయూలు కూడా అప్పుడే బయటపడతాయి. విశ్వవిద్యాలయాల విభజనలు ఈ పనిని మరింత చిక్కు చేశాయి. 2008లో జేఎన్‌టీయూ, హైదరాబాద్, కాకినాడ, అనంతపురం సహా నాలుగు విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఒక సంస్థ ఇలా పలు సంస్థలైనప్పుడు పాత ఒప్పందం ఎవరి వంతుకు వచ్చిందో చెప్పే పట్టిక ఉండాలి.

అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడికి తెస్తే కొన్ని మార్పులు తప్పవు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తిస్తుంది. కానీ 1899 నాటి స్టాంపు చట్టం ప్రకారం సుంకం చెల్లించని పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, బకాయి, జరిమానా కట్టాకే స్వీకరిస్తుంది. కాబట్టి సంతకానికి ముందు స్టాంపు సుంకం కట్టే మెట్టు ఒకటి, ఈ-స్టాంపు ధ్రువపత్రం సంఖ్య నమోదుకు గడి ఒకటి ఇక్కడి వ్యవస్థలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఒప్పందంలో ఏ భాగం ఇవ్వాలో, 8(1)(డి) కింద వాణిజ్య రహస్యంగా ఏది ఆపవచ్చో పత్రం ఎక్కించేటప్పుడే గుర్తు పెట్టుకునే వీలు కూడా కావాలి.